చిల్లుల మూత

పొద్దున్నే వాన. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని చెరకు ఊరు ఇంగమ్‌లో వాన పడితే వార్త కాదు, ఆగితే వార్త. నెల్లా పొయ్యి మీద కాఫీ పెట్టి, నిన్నటి రొట్టెను ముక్కలు కోసి కాలుస్తూ, వెనక వసారాలోంచి వస్తున్న మాటలు వినకూడదనుకుంది. కానీ చెవులకు మూతలుండవు.

“తినమ్మా. ఇదొక్కటీ తిను. నీకోసమే పట్టాను. అలిగావా తల్లీ?”

బతిమాలుతున్నది ఆమె మొగుడు ఉగో. బతిమాలించుకుంటున్నది గుప్పెడు కంటే పెద్దదైన ఒక గోదురుకప్ప. గాజుపెట్టెలో కొబ్బరి పొట్టు మీద, పగిలిన పూలకుండీ నీడలో, లోకంతో తనకేం పని అన్నట్టు కూర్చుని ఉంటుంది. దానికి దొరసాని అని పేరు పెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నోట “తల్లీ” అన్న మాట నెల్లా వినలేదు. కూతుర్ని అనలేదు, ఆమెను అనలేదు. చివరికి ఒక కప్పకు దక్కింది ఆ భాగ్యం.

ఊరికి ఇంతకంటే నవ్వులాట ఏముంటుంది? చెరకు పురుగుల్ని తింటాయని ఎవరో పుణ్యాత్ములు ఒకప్పుడు తెచ్చి వదిలిన కప్పలు ఇవి. పురుగుల్ని వదిలేసి మిగతావన్నీ తిన్నాయి. వాటిని నోట కరిచిన కుక్కలు నురగ కక్కి చచ్చాయి. అందుకే వానాకాలంలో ప్రతి ఇంట్లోనూ అదే పని. చీకటి పడుతుండగా పటకారుతో కప్పల్ని ఏరి, ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో వేసి మూత పెట్టి, గరాజ్‌లోని పాత ఫ్రిజ్‌లో పెడతారు. చలికి అవి మత్తుగా నిద్రపోతాయి. తర్వాత డబ్బాను పైనున్న ఫ్రీజర్‌లోకి మార్చితే ఆ నిద్రలోనే పోతాయి. కర్రతో కొట్టి చంపడం కంటే ఇది మర్యాద అని ఊరంతా ఒప్పుకుంది. ఉగో ఒక్కడే ఒప్పుకోలేదు. అతనిది గోల్ఫ్ కర్ర పద్ధతి. కుక్క మోరో చచ్చిపోయిన ఏడు పెరడంతా తిరిగి అతను కొట్టిన కప్పలకు లెక్క లేదు. ఆ కర్ర ఇంకా వెనక తలుపు పక్కనే ఉంది. ఇప్పుడు దాని మీద దొరసాని గాజుపెట్టె తుడిచే గుడ్డ ఆరేస్తున్నాడు.

అలాంటివాడు తొలివానలప్పుడు ఒక కప్పను బకెట్టులో వేసుకుని ఇంటికొచ్చాడు. పెంచుతానన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఉగో ఆ మాటకు పుట్టిన బిడ్డ.

మొదట్లో అతనికి ఓనమాలు కూడా తెలియవు. కొళాయి నీళ్ళు పోశాడు. వాటిలో కలిపే మందు కప్ప చర్మానికి పడదని తెలిశాక, వాననీళ్ళ ట్యాంకు నుంచి పట్టి పోయడం మొదలుపెట్టాడు. గాజుపెట్టెను ఎండలో ఉంచి, అది డీలాపడితే కంగారుగా నీడలోకి లాగాడు. పెట్టడమే ప్రేమ అనుకుని బొద్దింకలు, కీచురాళ్ళు మేపీ మేపీ అది కదలలేనంత చేశాడు. తర్వాత రోజు విడిచి రోజు పెట్టడం నేర్చుకున్నాడు. ఒకరోజు దాని తోలు ఊడుతుంటే “నెల్లా, చచ్చిపోతోంది” అని అరిచిన అరుపుకు ఆమె పిండి చేతులతో పరుగెత్తింది. కప్ప మాత్రం తన పాత తోలును తానే లాక్కుని, నోట్లో కుక్కుకుని మింగేసి, ఏమీ ఎరగనట్టు కళ్ళార్పింది. ఉగో నుదుటి చెమట తుడుచుకున్నాడు. కూతురు లివియా పుట్టిన రోజు ఆ నుదుటికి చెమట పట్టిందో లేదో నెల్లాకు తెలియదు. ఆ రోజు అతను ఆసుపత్రికి రాలేదు. చెరకు కోత మధ్యలో ఉంది.

పక్కింటి బెవ్ కూరగాయలివ్వడానికి వచ్చినప్పుడల్లా ఒక మాట అనకుండా వెళ్ళదు. “ఊరంతా చంపుకుంటుంటే నువ్వు ఉయ్యాల ఊపుతున్నావా ఉగో? నామకరణం ఎప్పుడో చెప్పు, కేకు నేను చేసుకొస్తా” అంటుంది. నెల్లా పగలబడి నవ్వేది. ఉగో నవ్వడు, కోప్పడడు. ట్యాంకు కొళాయి కింద చేతులు తడుపుకుని, అరచేతులు దోసిలిలా పట్టి గాజుపెట్టెలో పెడతాడు. కాసేపటికి దొరసాని బరువుగా గెంతి అందులోకి వచ్చి కూర్చుంటుంది.

“పొడిచేత్తో పట్టుకుంటే దానికి మంట. సబ్బు చేత్తో అసలు ముట్టకూడదు,” అని బెవ్‌కు పాఠం చెప్పాడు ఒకసారి. “వేళ్ళు వదులుగా ఉంచాలి. గట్టిగా పడితే భయపడి విషం వదులుతుంది. మనం పట్టుకోకూడదు, అదే వచ్చి కూర్చోవాలి.”

ఆ చేతులంటే నెల్లాకు బాగా తెలుసు. చెరకు నరికి, మిల్లు బళ్ళకు ఎక్కించి, బండబారిన చేతులు. ఆరేళ్ళ కిందట ఒక చలికాలం ఉదయం, చుట్టాలంతా గరాజ్‌లో చేరి పంది మాంసం కోసి, పేగుల్లో కూరి సలామీ చుడుతున్న వేళ, ఆ చేతుల్లో ఒకటి లివియా చెంప మీద పడింది. గనుల్లో పనిచేసే కుర్రాడితో టౌన్స్‌విల్ వెళ్ళి ఉంటాననీ, పెళ్ళి సంగతి తర్వాత చూసుకుంటాననీ ఆ పిల్ల అందరి ముందూ చెప్పింది. చెప్పాల్సిన చోటు అది కాదు, నిజమే. అంతమాత్రాన కొట్టాల్సిన చోటూ అది కాదు. లివియా చెంపకంటిన వెల్లుల్లి వాసనను ముంజేత్తో తుడుచుకుని, తాను కట్టుకున్న ఏప్రన్ విప్పి మడిచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఉగో కదలలేదు. తల వంచుకుని తర్వాతి సలామీకి దారం చుట్టాడు.

ఆ తర్వాత నెల్లాయే అప్పుడప్పుడూ బస్సెక్కి వెళ్ళి కూతుర్ని చూసి వచ్చేది. గత ఏడాది మధ్యలో లివియాకు ఆడపిల్ల పుట్టింది, టెస్. నెల్లా ప్రాణమంతా అక్కడే ఉంది. ఇంటికి తీసుకురమ్మని బతిమాలితే లివియా ఒక్కటే అంది. వస్తాను కానీ నాన్న చేతికి పిల్లనివ్వను, అంది. నెల్లా ఆ మాట తెచ్చి అన్నం బల్ల దగ్గర మొగుడి ముందు పెట్టింది. ఊరికే పెట్టలేదు, కాస్త ఉప్పూకారం కూడా చల్లింది. “అవి చేతులు కావట, పారలట” అని చేర్చింది. ఉగో తన అరచేతుల్ని తిప్పి చూసుకున్నాడు. కప్ప వచ్చింది ఆ మరుసటి వారమే. ఆ రెండిటికీ లంకె ఉందని నెల్లాకు తోచలేదు. తోచాలంటే ఆ మనిషి వైపు నుంచి ఒక్కసారైనా చూడాలి. ఆ ఓపిక ఆమెలో ఎప్పుడో ఇంకిపోయింది.

ఇప్పుడు, ఎన్ని మొక్కులు మొక్కితేనో, లివియా ఆదివారం వస్తానంది. పిల్లతో వస్తానంది.

నెల్లా కాఫీ కప్పు తెచ్చి మొగుడి ముందు ఠక్కున పెట్టింది.

“ఆదివారం లివియా వస్తోంది.”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“నిన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడిన మాటలు మిల్లు దాకా వినిపించాయి.”

“సరే. ఆ లోపల ఇది ఇంట్లోంచి పోవాలి. పసిపిల్ల, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు. విషపు కప్పను ఇంట్లో పెట్టుకున్నామని తెలిస్తే లివియా గేటు దగ్గరే కారు తిప్పుకుని పోతుంది.”

“పెట్టెకు మూత ఉంది. లివియా వస్తుంది.”

“మోరో ఎలా చచ్చిందో మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. దొరసాని ఇక్కడే ఉంటుంది.”

నెల్లా కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. ఎన్నేళ్ళుగానో లోపల పులుస్తున్నది పొంగింది.

“లివియాకు ఒళ్ళు కాలిపోతుంటే నేనొక్కదాన్నే వరదలో కారు తోలుకుని ఆసుపత్రికి పోయాను. నువ్వు చెరకు బళ్ళు వస్తాయని కూర్చున్నావు. ఆ పిల్ల నెత్తిన ఒక్కనాడు చెయ్యి వేసిన పాపాన పోలేదు. వేసిన ఒక్కసారీ చెంప మీద వేశావు. ఇప్పుడు ఈ కప్పకు తోలూడితే నీకు చెమటలు పడుతున్నాయా?”

ఉగో కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. “అప్పుడు నాకు చేతకాలేదు,” అన్నాడు.

“ఇప్పుడు చేతనైందా? కప్ప దగ్గరా?”

“నీకు చెప్పినా నవ్వుతావు,” అని లేచి, కాఫీ తాగకుండానే వసారాలోకి వెళ్ళిపోయాడు. నెల్లా నిజంగానే నవ్వింది. ఆ నవ్వు తనకే చేదుగా తగిలింది.

శనివారం మధ్యాహ్నం, కూతురు వస్తోందని ఉగో గాజుపెట్టెను శుభ్రంగా కడుగుదామనుకున్నాడు. పెట్టె కడిగినంతసేపూ కప్పను ఎక్కడైనా ఉంచాలి కదా. ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి తీసి, మూతకు మేకుతో చిల్లులు పొడిచి, అడుగున తడిగుడ్డ పరిచి, దొరసానిని అందులో పెట్టి గరాజ్ బల్ల మీద ఉంచాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడు చేయకూడని పొరపాటు అది. ఆ ఊళ్ళో కప్ప ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాకు వెళ్ళే చోటు ఒక్కటే.

నెల్లా సాస్ సీసా కోసం గరాజ్‌లోకి వచ్చింది. ముందురోజు సాయంత్రం కోళ్ళగూడు దగ్గర తాను ఏరిన కప్పల డబ్బా ఫ్రిజ్‌లో ఉంది. బల్ల మీద ఇంకొకటి. చేతులు వాటంతటవే దాన్ని ఎత్తాయి. ఎన్ని వానాకాలాల అలవాటు అది. డబ్బా బరువుగా ఉంది, లోపల ఏదో మెల్లగా సర్దుకుంది. బొటనవేలు మూత మీద జారింది. వేలికి చిల్లులు తగిలాయి.

చంపే డబ్బాల మూతకు ఎవరూ చిల్లులు పెట్టరు.

నెల్లా ఆగింది. బయట పైపు నీళ్ళు గాజు మీద పడుతున్న చప్పుడు, ఉగో ఏదో పాత పాట కూనిరాగం తీస్తున్నాడు. లివియా కారు గేటు దగ్గర నుంచే తిరిగిపోవడం కళ్ళకు కట్టింది. ఫ్రిజ్ తలుపు తెరిచి, డబ్బా లోపల పెట్టి, తలుపు వేసింది. నిద్రపోతుంది అంతే, కావాలంటే తీయొచ్చు అని తనకు తాను చెప్పుకుంది. ఫ్రిజ్ దాకా అది అబద్ధం కూడా కాదు.

కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఉగో పెరట్లో ఉన్నాడు. మూత సరిగా పెట్టలేదేమో, డబ్బా బల్ల మీంచి పడి ఏ మూలకో దొర్లిందేమో, కప్ప గెంతి పోయిందేమో అనుకున్నట్టున్నాడు. వాన మళ్ళీ అందుకుంది. మోకాలు అరిగి, మోకరిల్లలేక చర్చికే వెళ్ళడం మానేసిన మనిషి, బురదలో మోకాళ్ళ మీద పాకుతూ అరటి దుబ్బుల కింద చేతులు పెట్టి వెతుకుతున్నాడు.

“దొరసానీ. తల్లీ, ఎక్కడున్నావమ్మా?”

లివియా వెళ్ళిపోయిన రోజు ఆ మోకాళ్ళు గుమ్మం దాకా కూడా కదలలేదు. ఆ గొంతు అప్పుడు ఎక్కడ దాచుకున్నాడు? నెల్లా కిటికీ మూసేసింది. గరాజ్‌లోకి వెళ్ళింది. ఫ్రిజ్‌లోంచి చిల్లుల మూత డబ్బాను తీసింది. పైన ఫ్రీజర్ తలుపు తెరిచి అందులో పెట్టింది.

సాయంత్రానికి చెప్పింది. ఫ్రీజర్లో చూడు, నా డబ్బాలతో కలిసిపోయిందేమో, నేను చూసుకోలేదు, అంది. ఉగో వెళ్ళి చూసి వచ్చాడు. అరుస్తాడని, పళ్ళెం విసిరేస్తాడని ఆమె మాటలు సిద్ధం చేసుకుని కూర్చుంది. అతను మాత్రం బురద ప్యాంటుతోనే కుర్చీలో కూర్చుండిపోయాడు.

“నాదే తప్పు,” అన్నాడు. “ఆ డబ్బాలో పెట్టకుండా ఉండాల్సింది. నువ్వేం చేస్తావు.”

అరిచినా బాగుండేది. నెల్లా సిద్ధం చేసుకున్న మాటలన్నీ నోట్లోనే మురిగిపోయాయి.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. లజానియా చేసి ఓవెన్‌లో పెట్టింది. లివియా కారు గేటు దాటి లోపలికి వచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఆ గడపలో కూతురి కాలు. చంకలో టెస్, గుండ్రటి బుగ్గలు, ఉగో నుదురు. నెల్లా ఏడుస్తూ ఇద్దర్నీ కలిపి కౌగిలించుకుంది. లివియా నవ్వి, తల్లి భుజం మీంచి వసారా వైపు తొంగి చూసింది.

“ఏది, దొరసాని ఏది?”

నెల్లా చేతులు జారిపోయాయి. “నీకెలా తెలుసు?”

“నాన్న చెప్పాడు. ప్రతి ఆదివారం నువ్వు చర్చికి వెళ్ళగానే ఫోన్ చేస్తాడుగా. మీ అమ్మకు చెప్పకు, నవ్వుతుంది అన్నాడు.” లివియా పిల్లను ఇంకో చంకలోకి మార్చుకుంది. “మొదటిసారి చేసినప్పుడు చాలాసేపు మాట్లాడలేదమ్మా. పెట్టేద్దామనుకున్నా. అప్పుడు, కప్పకు తోలూడితే ఏం చేయాలి అని అడిగాడు. పిచ్చెక్కిందేమో అనుకున్నా. తర్వాత వారం వారం అదే గోల. ఏం తిందో, ఎందుకలిగిందో. క్రితం వారం మాత్రం ఒక మాటన్నాడు. పొడిచేత్తో పట్టుకుంటే దానికి నొప్పి పుడుతుందట లివియా, నాకు ముందు తెలియలేదు, అన్నాడు. అంతే.” ఆమె పిల్ల జుట్టు సర్దింది. “అందుకే వచ్చా. నాన్న దాన్నెలా పట్టుకుంటాడో చూద్దామని.”

నెల్లా బల్ల అంచు పట్టుకుంది. ఏ కప్ప వల్ల కూతురు రాదనుకుందో, ఆ కప్ప కోసమే వచ్చింది.

ఉగో వసారా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తడిపి దువ్విన తల. వెనక గాజుపెట్టె బోర్లా వేసి ఉంది.

“పోయిందమ్మా,” అన్నాడు కూతురితో. “నిన్న. నా పొరపాటే.”

లివియా కాసేపు అతన్ని చూసింది. తర్వాత రెండడుగులు వేసి, టెస్‌ను అతని వైపు చాపింది. ఇన్నాళ్ళూ నెల్లా కోరుకున్నది ఇదే, ఈ ఒక్క క్షణమే. ఉగో రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

“వద్దు. కప్పనే చూసుకోలేకపోయాను. నువ్వన్నది నిజం, ఇవి పారలే.”

“నేనెప్పుడన్నాను పారలని?”

లివియా చేతులు మెల్లగా వెనక్కి వచ్చాయి. పిల్లను గుండెకు హత్తుకుంది. ఆరేళ్ళ కిందట ఏప్రన్ మడిచి పెట్టినప్పటి ముఖమే మళ్ళీ ఆ ముఖం మీదికి వస్తోంది. ఇంకో నిమిషం ఆగితే కారు తాళాలు వెతుక్కుంటుందని నెల్లాకు తెలుసు. ఆగితే తన రహస్యం తన దగ్గరే ఉంటుందనీ తెలుసు.

“పారలన్నది నేను,” అంది. “నువ్వనలేదు, నేను కలిపాను. ఉగో, అది నీ పొరపాటు కాదు. నా పొరపాటు కూడా కాదు. మూతకు చిల్లులున్నాయి. నా వేలికి తగిలాయి. తగిలాకే ఫ్రిజ్‌లో పెట్టాను. నువ్వు వానలో దాన్ని పిలుస్తూ వెతుకుతుంటే కిటికీలోంచి చూశాను. చూసే, తీసి పైన పెట్టాను.”

వాన రేకుల మీద దడదడలాడుతోంది. ఓవెన్‌లోంచి మాడువాసన మొదలైంది.

“నన్నెప్పుడూ ఆ గొంతుతో పిలవలేదు నువ్వు,” అంది నెల్లా. అది సంజాయిషీ కాదని ఆమెకు తెలుసు. కానీ ఆమె దగ్గరున్నది అదొక్కటే.

ఉగో కుడిచెయ్యి వెనక నుంచి ముందుకు వచ్చి, కొంచెం పైకి లేచింది. లివియా గబుక్కున పిల్ల తలకు చెయ్యి అడ్డం పెట్టింది. నెల్లా కదలలేదు. కొడితే కొట్టనీ అనుకుంది, కొడితే సరిపోతుందనుకుంది. ఉగో తన చేతిని తానే చూసుకున్నాడు. తర్వాత ఆమెను దాటుకుని పెరటి తలుపు తెరుచుకుని వానలోకి వెళ్ళాడు. ట్యాంకు కొళాయి చప్పుడు వినిపించింది.

తిరిగొచ్చాడు. మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి. కూతురి ముందు నిలబడి, వేళ్ళు వదులుగా, అరచేతులు దోసిలిలా పట్టాడు. తానై తీసుకోలేదు. ఎదురుచూశాడు.

“తుడుచుకో నాన్నా,” అంది లివియా. ఏడుస్తూనే అంది. “పిల్ల కప్ప కాదు.”

“నాకు ఇలాగే వచ్చు.”

లివియా టెస్‌ను ఆ చేతుల్లో పెట్టింది. తడి తగిలి పిల్ల ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి తాత చొక్కా గుండీని పట్టుకుంది. ఉగో ఊపిరి కూడా తీసుకోనట్టు నిలబడ్డాడు.

నెల్లా వెళ్ళి ఓవెన్ ఆర్పింది. వెనక్కి తిరిగితే ఉగో ఆమె వైపు కాకుండా పిల్లనే చూస్తూ మాట్లాడాడు.

“మోరో పక్కన పూడ్చు. నువ్వే.”

ఆమె పలుగు తీసుకుని మోరోను పూడ్చిన మామిడి చెట్టు కింద గుంట తవ్వింది. తడి నేల, తొందరగానే తెగింది. గరాజ్ ఫ్రీజర్‌లోంచి డబ్బా తెచ్చింది. బొటనవేలు మళ్ళీ ఆ చిల్లుల మీదే ఆగింది. మూత తీయబోయి, ఆగి, ట్యాంకు దగ్గరికి వెళ్ళి కొళాయి కింద చేతులు తడుపుకుంది. అన్ని వానాకాలాల్లో అన్ని కప్పల్ని చంపింది కానీ ఒక్కదాన్నీ వట్టి చేత్తో ముట్టలేదు. దొరసాని రాయిలా గట్టిగా, చల్లగా ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. నెల్లాకు అప్పుడు ఏడుపు వచ్చింది, కూతురు వెళ్ళిపోయిన రోజు కూడా రానంతగా వచ్చింది.

వసారా అంచున ఉగో నిలబడి ఉన్నాడు. భుజం మీద టెస్ నిద్రపోతోంది. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. నోరు తెరిచినప్పుడు ఆ గొంతులో క్షమించిన జాడ లేదు, కోపం కూడా లేదు.

“గట్టిగా పట్టుకోకు,” అన్నాడు. “వేళ్ళు వదులు చెయ్యి.”

నెల్లా వేళ్ళు వదులు చేసింది.